నిరాకరణ భాష: వాణిజ్య మెయిళ్ళలో వైదొలగుదల రేటు, స్పామ్ ఫిర్యాదు – కార్వేటినగర పదసాహిత్యం నేపథ్యంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

వాణిజ్య మెయిళ్ళ ఫలితాన్ని అంచనా వేయడానికి వైదొలగుదల రేటు, స్పామ్ ఫిర్యాదు రేటు అనే రెండు అంకెలు ప్రమాణాలుగా చెలామణి అవుతున్నాయి. మొదటిది తక్కువగా ఉంటే పాఠకులు తృప్తిగా ఉన్నారని ప్రచారరంగం భావిస్తుంది. ఈ వ్యాసం ఆ భావనను ప్రశ్నిస్తుంది. "వద్దు" అనే మాటను ఎవరు రాస్తున్నారు, ఏ భాషలో రాస్తున్నారు, దానికి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. కార్వేటినగర ఆస్థానంలో వెలసిన సారంగపాణి పదాలు, పదసాహిత్యంలోని నాయికాభేదాలు, తెలుగునాట తపాలా వ్యవహారం, హైదరాబాదుకు చెందిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికాలో నడిచిన వ్యాజ్యం, ఇటీవలి భారతీయ చట్టాలు ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: వైదొలగుదల, స్పామ్, సమ్మతి, నిరాకరణ, సారంగపాణి, కలహాంతరిత, కార్వేటినగరం.

ఉపోద్ఘాతం

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గారీ థ్యూర్క్ తమ సంస్థ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే సందేశం పంపారు. వాణిజ్య స్పామ్‌కు దీనినే ఆదిగా చెబుతారు. అందుకున్నవారిలో పలువురు నిరసన తెలిపారు. నిరసన తెలపడానికి అప్పట్లో ప్రత్యేకమైన మీట ఏదీ లేదు. చెప్పదలచినవారు తమ మాటల్లో తామే చెప్పుకున్నారు. ఆనాటి నుంచి నేటికి సందేశాల సంఖ్య ఎంత పెరిగిందో అందరికీ తెలిసిందే. అంతగా గుర్తింపు పొందని మార్పు మరొకటి ఉంది. నిరాకరించే వ్యక్తి పలకవలసిన మాట ఆ వ్యక్తి నోటి నుంచి తొలగి, సందేశం పంపేవారి చేతిరాతలోకి మారిపోయింది. మెయిల్ అడుగున, చదవడానికి వీలుకానంత చిన్న అక్షరాల్లో, లేత బూడిదరంగులో కనిపించే "అన్‌సబ్‌స్క్రయిబ్" అనే పదం పాఠకునిది కాదు. పాఠకుని తరఫున పంపినవారే రాసిపెట్టిన పదం అది. ఆ పదాన్ని ఎందరు నొక్కారో లెక్కించి, నొక్కనివారందరి మౌనాన్ని అంగీకారంగా పరిగణించడం ప్రచారరంగంలో స్థిరపడిన పద్ధతి. ఈ పద్ధతిని సాంకేతిక దృష్టితో విమర్శించినవారు ఉన్నారు. భాషాదృష్టితో, అందులోనూ తెలుగు భాషాదృష్టితో పరిశీలించవలసిన అవసరం మిగిలి ఉంది.

రెండు అంకెలు, వాటి లెక్క

వైదొలగుదల రేటును కట్టడం తేలిక. ఒక విడతలో "ఇక వద్దు" అన్నవారి సంఖ్యను, ఆ విడతలో చేరిన మెయిళ్ళ సంఖ్యతో భాగించి వందతో హెచ్చిస్తారు. 10,000 మందికి చేరిన మెయిల్‌కు 20 మంది వైదొలగితే రేటు 0.2 శాతం. చూడటానికి నిర్లక్ష్యం చేయదగిన అంకె. అయితే వారానికి ఒక మెయిల్ చొప్పున ఏడాదిలో 52 విడతలు ఇదే రేటు కొనసాగితే, ఆ 10,000 మందిలో దాదాపు 990 మంది వెళ్ళిపోతారు. అంటే పదిమందిలో ఒకరు. విడత విడతకూ తయారయ్యే నివేదికలో మాత్రం 0.2 అన్న అంకే మళ్ళీ మళ్ళీ కనిపించి నెమ్మది కలిగిస్తుంది.

ఫిర్యాదు రేటు స్వభావం వేరు. మెయిల్‌ను "స్పామ్" అని పాఠకుడు గుర్తించినప్పుడు ఆ సమాచారం మెయిల్ సేవను నడిపే సంస్థకు చేరుతుంది. గూగుల్, యాహూ 2023 అక్టోబర్‌లో ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం పెద్దయెత్తున మెయిళ్ళు పంపేవారి ఫిర్యాదు రేటు 0.3 శాతానికి చేరకూడదు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారిని గూగుల్ ఈ వర్గంలో చేర్చింది. రేటును 0.1 శాతం లోపు ఉంచుకోవడం మంచిదని కూడా సూచించింది. పై ఉదాహరణలోనే చెప్పాలంటే, 10,000 మందిలో 20 మంది వైదొలగితే పంపేవారికి చింత లేదు. 30 మంది ఫిర్యాదు చేస్తే మొత్తం జాబితాకే ఇన్‌బాక్స్ తలుపు మూతపడే ప్రమాదం ఏర్పడుతుంది.

ఈ రెండో అంకెలోనూ లొసుగులు లేకపోలేదు. మెయిల్ నేరుగా స్పామ్ అరలోకి వెళ్ళిపోతే దాన్ని ఎవరూ చూడరు. చూడనిదానిపై ఫిర్యాదు ఉండదు. అందువల్ల అతి హీనమైన మెయిల్‌కు అతి తక్కువ ఫిర్యాదు రేటు రావచ్చు. యాహూ వంటి సేవలు ఎవరు ఫిర్యాదు చేశారో పంపినవారికి తెలిపే ఏర్పాటు చేశాయి. గూగుల్ మొత్తం శాతాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆ విధంగా, ఫిర్యాదు చేసిన వ్యక్తి జాబితాలో అలాగే ఉండిపోయే అవకాశం ఉంది.

అసలు మెయిల్‌ను తెరిచారో లేదో చెప్పే అంకె సంగతి మరీ విచిత్రం. 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ తెచ్చిన మెయిల్ గోప్యతా సదుపాయం వల్ల, పాఠకుడు తెరవకపోయినా తెరిచినట్టే నమోదు కావడం మొదలైంది. మౌనంలో ఎంత ఉదాసీనత, ఎంత అంగీకారం అన్నది తేల్చే సాధనం దాంతో మరింత బలహీనపడింది.

ఎవరి తలుపు?

వైదొలగే లంకె పంపేవారి ఇంటి తలుపు. దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎంత వెడల్పు ఉంచాలో, అవతల ఎన్ని గదులు దాటించాలో వారే నిర్ణయిస్తారు. స్పామ్ మీట పాఠకుని ఇంటి గడియ. మెయిల్ సేవాసంస్థ బిగించిన గడియే అయినా, అది ఇవతలి వైపు ఉంటుంది. ఈ తేడాను పట్టుకుంటే రెండు రేట్ల మధ్య సంబంధం స్పష్టమవుతుంది. మొదటి తలుపు ఇరుకైన కొద్దీ జనం రెండో గడియ వేసుకుంటారు. ఒక సంస్థ వైదొలగే లంకెను దాచిపెడితే వైదొలగుదల రేటు తగ్గుతుంది, ఫిర్యాదు రేటు పెరుగుతుంది. మొదటి అంకె తగ్గడాన్ని విజయంగా చెప్పుకునే నివేదిక ఈ పరిస్థితిలో అబద్ధం చెబుతున్నట్టే.

పైగా తెలియని మెయిల్‌లోని లంకెను తాకవద్దని బ్యాంకులు, సైబర్ పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నారు. ఆ హెచ్చరికను పాటించే జాగ్రత్తపరుడు వైదొలగే లంకెనూ తాకడు. పంపినవారిని ఎంతో కొంత నమ్మినవారు మాత్రమే దాన్ని నొక్కుతారు. కాబట్టి వైదొలగుదల రేటు కొలిచేది నమ్మకం మిగిలివున్నవారి నిరాకరణను మాత్రమే. నమ్మకం పూర్తిగా పోయినవారి నిరాకరణ ఆ లెక్కలోకి రాదు.

ఈ ఇరుకు తలుపు సమస్య సాంకేతిక నిపుణులకు తెలియనిది కాదు. వైదొలగే మార్గాన్ని మెయిల్ శీర్షభాగంలోనే పొందుపరిచే ప్రమాణం 1998లో ఆర్.ఎఫ్.సి. 2369గా వచ్చింది. ఒక్క నొక్కుతో పని పూర్తికావాలన్న ప్రమాణం 2017లో ఆర్.ఎఫ్.సి. 8058గా వచ్చింది. 2024 నిబంధనలు పెద్దయెత్తున పంపేవారి ప్రచార మెయిళ్ళకు దీన్ని తప్పనిసరి చేసి, కోరికను రెండు రోజుల్లో నెరవేర్చాలన్నాయి. 1998లో ఊహించిన సౌకర్యం తప్పనిసరి కావడానికి పాతికేళ్ళు దాటింది. చట్టసభలకంటే ముందు మెయిల్ సేవాసంస్థలే దాన్ని ఈ స్థాయిలో అమలు చేయగలిగాయి. ఇది మెచ్చుకోవలసిన విషయమా, ఆందోళన చెందవలసిన విషయమా అన్నది వేరే చర్చ.

పదాలలో నాయిక నోటి మాట

నేటి చిత్తూరు జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న కార్వేటినగరం ఒకప్పుడు సంస్థాన రాజధాని. అక్కడి వేణుగోపాలస్వామి పేరును ముద్రగా నిలిపి సారంగపాణి పదాలు రచించాడు. క్షేత్రయ్య తర్వాత పదరచనలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన వాగ్గేయకారుడు ఆయన. వాడుక పలుకుబడి, ఇంటి గుట్టు, వీధి మాట, ఎత్తిపొడుపు ఆయన పదాలలో నిస్సంకోచంగా చోటు చేసుకున్నాయి. వాణిజ్య మెయిళ్ళ చర్చలోకి ఈ పదాలను తీసుకురావడానికి కారణం ఊరి పేరు ఒక్కటే కాదు. సందేశం, దాన్ని మోసుకొచ్చే దూతిక, అందుకునే స్త్రీ, ఆమె ఒప్పుకోలు లేదా నిరాకరణ అన్న నాలుగు అంశాలపై తెలుగులో ఇంత విస్తారంగా ఆలోచించిన ప్రక్రియ పదం తప్ప మరొకటి అరుదు.

పదంలో నిరాకరణకు పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. అంటే నాయిక ఎందుకు వద్దంటున్నదో చెప్పడానికి పాటంత సమయం ఆమెది. గతంలో ఏం జరిగిందో, ఎవరు చూశారో, సఖి ఏమన్నదో, తన మనసు ఎక్కడ విరిగిందో ఆమె తన మాటల్లో వరుసగా చెబుతుంది. నాయకుడు వినవలసిందే. ఆమె మాటలు ఆయన రాసిపెట్టినవి కావు. వాగ్గేయకారుడు పురుషుడే కదా అన్న అభ్యంతరం సహేతుకమే. అయినా పదం లోపలి ప్రపంచంలో మాట్లాడే హక్కు ఆమెకు దఖలుపడి ఉంది.

సారంగపాణి పదాలలో ప్రసిద్ధమైన "మొగుడొచ్చి పిలిచేడు" ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. భర్త వచ్చి పిలుస్తుండగా పరకీయ నాయిక తన ప్రియుడైన వేణుగోపాలుని వద్ద సెలవు తీసుకునే సన్నివేశం అందులోని వస్తువు. ఆమె విడిచి వెళుతున్నది. మనసు విరిగి కాదు, ఇష్టం తీరి కాదు, వెళ్ళక తప్పని స్థితి వచ్చి. మెయిల్ జాబితా నుంచి వైదొలగేటప్పుడు అనేక సంస్థలు చూపించే ప్రశ్నపత్రంతో దీన్ని పోల్చవచ్చు. "మెయిళ్ళు మరీ ఎక్కువగా వస్తున్నాయి", "విషయం ఉపయోగకరంగా లేదు", "నేను కోరలేదు", "ఇతరములు" అన్న నాలుగైదు గడులు అందులో ఉంటాయి. సారంగపాణి నాయిక ఏ గడిని ఎంచుకుంటుంది? "ఇతరములు" అన్న గడి కింద ఆమె కథ మొత్తం సమాధి అవుతుంది. ఏ కారణాలతో మనుషులు వెళ్ళిపోతారో పంపేవారు ముందుగానే ఊహించి, ఆ ఊహనే తిరిగి దత్తాంశంగా సేకరించడం ఈ ప్రశ్నపత్రంలోని ప్రధాన లోపం.

తెలుగులో సెలవు తీసుకునే తీరు కూడా ఇక్కడ పట్టించుకోవాలి. ఇంటి నుంచి బయలుదేరేవారు "పోతాను" అనరు. "పోయివస్తాను", "వెళ్ళొస్తాను" అంటారు. తిరిగిరావడాన్ని జతచేయకుండా వెళ్ళడాన్ని పలకడం అశుభమని భావించే భాష ఇది. ఎదుటివారి ముఖం మీద "వద్దు" అనడం కంటే "చూద్దాం", "తర్వాత చెబుతాను" అనడం మర్యాదగా చెల్లుతుంది. ఇటువంటి వ్యవహారంలో పెరిగిన పాఠకుడు అన్‌సబ్‌స్క్రయిబ్ మీట నొక్కకుండా మెయిల్‌ను తెరవకుండానే వదిలేస్తే ఆ మౌనాన్ని ఇష్టంగా లెక్కించడం భాషా సంస్కృతిని తప్పుగా చదవడమే అవుతుంది.

కలహాంతరిత అన్న భ్రమ

అష్టవిధ నాయికలలో కలహాంతరిత ఒకతె. కోపంలో నాయకుణ్ణి పంపివేసి, ఆ తర్వాత పశ్చాత్తాపంతో బాధపడే నాయిక ఆమె. వైదొలగినవారిని వెనక్కి రప్పించే ప్రచారరచన మొత్తం ఒకే ఊహపై ఆధారపడి ఉంది. వెళ్ళిన ప్రతి వ్యక్తీ కలహాంతరితే అన్నది ఆ ఊహ. "మీరు లేక వెలితిగా ఉంది", "నిజంగానే వెళ్ళిపోతున్నారా?", "చివరిసారిగా ఒక రాయితీ" అన్న ధోరణిలో వచ్చే మెయిళ్ళ భాష అనునయ భాష. నాయకుడు పశ్చాత్తప్తురాలైన నాయిక వాకిట నిలబడి పలికే మాటల ధోరణి అది. అవతల ఉన్నది ఖండిత కావచ్చు. నాయికే కాకపోవచ్చు కూడా. ఎరువుల దుకాణం రశీదు కోసం ఒకసారి మెయిల్ చిరునామా ఇచ్చిన రైతుకు, ఆ దుకాణంతో విరహమూ లేదు, కలహమూ లేదు.

పదసంప్రదాయాన్ని ఆదర్శంగా నిలపడంలో ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేయడం ఈ చర్చకు న్యాయం కాదు. శృంగార సాహిత్యంలో మానవతి "వద్దు" అనడం చాలాచోట్ల "మరికొంచెం బతిమాలు" అనడానికి పర్యాయంగా రసజ్ఞులు స్వీకరించారు. నిరాకరణను అంగీకారానికి తొలిమెట్టుగా చదివే అలవాటుకు ఈ సంప్రదాయం దోహదం చేసింది. ప్రచారరచయితలు పదాలు చదివి ఈ పాఠం నేర్చుకున్నారని చెప్పలేం. అయితే ఆలోచనావిధానం మాత్రం అదే. వాకిట నిలిచిన నాయకునికి రసశాస్త్రం ఇచ్చిన వెసులుబాటును వ్యాపారసంస్థ తనకు తాను ఇచ్చుకుంటున్నది. మానం ఇద్దరి మధ్య ఉన్న ప్రేమలో పుట్టే వికారం. ప్రేమ లేనిచోట అది మానం కాదు, కేవలం నిరాకరణ. ఈ భేదాన్ని రసశాస్త్రం స్పష్టంగానే ఎరుగును.

భారత ప్రభుత్వ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబర్ 30న వెలువరించిన మార్గదర్శకాలు పాఠకుణ్ణి మభ్యపెట్టే 13 రకాల రూపకల్పనలను పేర్కొని నిషేధించాయి. వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసే మాటలు వాటిలో ఒకటి. చేరడం తేలికగా, విడవడం కష్టంగా ఉండే చందా ఉచ్చు మరొకటి. "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని మీట మీద రాసి, దాన్నే నొక్కమనడం మొదటి రకానికి చక్కని ఉదాహరణ. నిరాకరించే వ్యక్తి నోట ఆత్మనిందను పలికించే ఈ రచన, పంపేవారి చేతిరాతలోకి మారిన మాట ఎంత దూరం పోగలదో చూపిస్తుంది.

వద్దనడానికి అయ్యే ఖరీదు

తపాలా వ్యవహారంలో నిరాకరణ బరువు చాలావరకు పంపినవారి మీదే పడేది. బిళ్ళ అంటించని బేరంగు ఉత్తరానికి అందుకునేవారు రెట్టింపు సుంకం చెల్లించాలి. అయితే ఆ ఉత్తరాన్ని తీసుకోకుండా తిప్పిపంపే స్వేచ్ఛ కూడా వారికి ఉండేది. వి.పి. ద్వారా పంపిన పుస్తకాన్ని, పత్రికను వద్దంటే అది వెనక్కి వెళ్ళేది. రానుపోను ఖర్చు ప్రకాశకునికి నష్టం. చందా గడువు తీరిన తర్వాత పత్రికలు వి.పి. పంపేముందు తటపటాయించడానికి ఇదే కారణం. ఒక్కొక్క నిరాకరణకు అణాపైసల్లో లెక్క ఉండటంతో, పాఠకుని ఇష్టాన్ని ముందుగా తెలుసుకోవడం ప్రకాశకునికే లాభంగా ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో నెలకొల్పిన అమృతాంజనం తొలినాళ్ళలో సంగీత కచేరీలలో ఉచితంగా పంచిపెట్టారని ప్రసిద్ధి. అడగకుండా చేసిన ప్రచారమే అయినా, ప్రతి డబ్బీకి ఖర్చు పంచినవారిదే. మెయిల్‌లో అదనంగా మరొకరికి పంపడానికయ్యే ఖర్చు దాదాపు సున్న. చూడటం, తీసివేయడం, వద్దనడం అన్న శ్రమ మొత్తం అందుకునేవారిపై పడింది.

ఈ సందర్భంలో తెలుగునాట, ముఖ్యంగా తిరుపతి పేరిట, దశాబ్దాలపాటు తిరిగిన గొలుసు ఉత్తరాలను ప్రస్తావించక తప్పదు. వెంకన్న మహిమను వర్ణించి, ఇన్ని ప్రతులు రాసి లేదా అచ్చువేయించి పంచినవారికి కలిగిన లాభాలను, నిర్లక్ష్యం చేసినవారికి కలిగిన నష్టాలను చెప్పే కార్డులు, కరపత్రాలు ఇళ్ళకు వచ్చేవి. వాటికి పంపినవారి పేరు ఉండేది కాదు, వైదొలగే మార్గమూ ఉండేది కాదు. వద్దనడానికి వెలగా శాపాన్ని ఆ ఉత్తరమే నిర్ణయించేది. చించిపారేసినవారికి కూడా కొన్ని రోజులు మనసు పీకుతూ ఉండేది. నేటి "మీ ఖాతా నిలిచిపోతుంది", "ఈ అవకాశం మళ్ళీ రాదు" అన్న మెయిళ్ళకు దైవభీతి లేదు గాని, నష్టభీతిని రేకెత్తించే నిర్మాణం ఒకటే.

పరిశోధకుని ఇన్‌బాక్స్

ఈ విషయం విశ్వవిద్యాలయాలకు దూరమైనది కాదు. పరిశోధనవ్యాసంలో రచయిత మెయిల్ చిరునామా అచ్చుకావడం విద్యాసంప్రదాయం. చర్చకోసం బహిరంగపరిచిన ఆ చిరునామా, వ్యాసం పంపమని, సంపాదకవర్గంలో చేరమని, ఎక్కడో జరిగే సదస్సులో ప్రసంగించమని వచ్చే మెయిళ్ళకు దారి అవుతున్నది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో వ్యాజ్యం వేసింది. సమవిద్వత్‌సమీక్ష గురించి తప్పుడు ప్రకటనలు చేయడం, ప్రచురణ రుసుమును ముందుగా చెప్పకపోవడం, అనుమతి లేకుండా పండితుల పేర్లను సదస్సు వక్తలుగా చూపడం ముఖ్యమైన అభియోగాలు. నెవాడా ఫెడరల్ న్యాయస్థానం 2019 మార్చిలో కమిషన్ పక్షాన తీర్పునిచ్చి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది.

ఈ తీర్పును స్పామ్‌పై విజయంగా చెప్పుకోవడం తొందరపాటు. న్యాయస్థానం తప్పుపట్టింది మెయిళ్ళలో, ప్రకటనల్లో చెప్పిన అసత్యాన్ని. అడగకుండా పంపడం అక్కడ ప్రధానాంశం కాదు. 2003 నాటి అమెరికా కాన్-స్పామ్ చట్టం ముందస్తు సమ్మతి లేకుండా వాణిజ్య మెయిల్ పంపడాన్ని అనుమతిస్తుంది. వద్దన్న తర్వాత 10 పనిదినాల్లో ఆపాలని మాత్రమే కోరుతుంది. కాబట్టి సత్యమే చెబుతూ రోజుకు పదిసార్లు తలుపు తట్టేవారిని ఆ చట్టం ఆపదు. సమ్మతి వేరు, సత్యం వేరు. ఓమిక్స్ వ్యాజ్యం రెండోదాన్ని మాత్రమే తేల్చింది.

చట్టం, తెలుగు

భారతదేశంలో మెయిల్ ద్వారా చికాకు కలిగించడాన్ని నేరంగా పేర్కొన్న సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. భావప్రకటన స్వేచ్ఛను కాపాడిన ఆ తీర్పు అవసరమైనదే. మెయిల్ స్పామ్‌ను ప్రత్యేకంగా నియంత్రించే మరో చట్టం దాని స్థానంలో రాలేదు. ఫోన్ సందేశాల విషయంలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 నుంచి వరుసగా నిబంధనలు తెచ్చింది. 2018 నిబంధనలకు 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. నమోదుకాని వ్యక్తులు పంపేవాటిపై 30 రోజుల్లో తీసుకోవలసిన చర్య 5 రోజులకు తగ్గింది. ప్రచార సందేశంలో వైదొలగే మార్గం తప్పనిసరి అయింది. ఒకసారి వద్దన్నవారిని 90 రోజుల వరకు మళ్ళీ సమ్మతి అడగరాదు. కలహాంతరిత భ్రమకు చట్టం పెట్టిన తొలి గడువుగా ఈ చివరి అంశాన్ని గుర్తించవచ్చు.

కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉంది. అటువంటి చోట్ల చదివి డి.ఎస్.సి.కి సిద్ధమయ్యే అభ్యర్థి స్థితిని ఊహిస్తే ఈ నిబంధనల పరిధి, పరిమితి రెండూ తెలుస్తాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డి.ఎస్.సి. 16,347 పోస్టులకు వెలువడింది. దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. మండల కేంద్రాల్లో చాలామందికి మెయిల్ చిరునామాను సృష్టించేది నెట్ సెంటర్ నిర్వాహకుడో, ఇంట్లోని చిన్నవాడో. సంకేతపదం కాగితం మీద ఉంటుంది, లేదా ఉండదు. ఆ చిరునామాకు వచ్చే కోచింగ్ ప్రకటనలను ఎవరూ తెరవరు, ఎవరూ వైదొలగరు, ఎవరూ ఫిర్యాదు చేయరు. పంపేవారి పట్టికలో ఆమె తృప్తురాలైన పాఠకురాలు.

2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం స్త్రీపురుష భేదం లేకుండా ప్రతి వ్యక్తినీ స్త్రీవాచక సర్వనామంతో వ్యవహరించింది. ఆ చట్టం దృష్టిలో సమ్మతి ఇచ్చేదీ ఉపసంహరించుకునేదీ "ఆమె". సమ్మతి కోరే విజ్ఞప్తిని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే అవకాశం ఆమెకు ఇవ్వాలి. తెలుగు వాటిలో ఒకటి. ఉపసంహరణ విషయంలో చట్టం వాడిన మాట వేరు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా దాదాపు అంతే సులువుగా ఉండాలన్నది. భాషా నిబంధన స్పష్టంగా జతపడింది అడగడానికే. తెలుగులో అడిగి "సరే" అనిపించుకుని, వద్దనడానికి మాత్రం ఇంగ్లీషు పుటకు పంపితే ఆ సులువు సమానమని ఎవరు నిర్ణయిస్తారు? సులువు అన్న మాటలో భాష కూడా అంతర్భాగమేనని అన్వయించడం న్యాయసమ్మతం. 2025 నవంబర్‌లో నియమాలు వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఉంది గనుక, ఈ అన్వయాన్ని స్థిరపరచడానికి ఇదే అదను.

తెలుగు పుటలు తయారైనా పదం ఎంపిక తేలవలసే ఉంది. "చందా రద్దు" అనడానికి ఇక్కడ ఎవరూ చందా కట్టలేదు. చందాదారు అన్న మాటకు తెలుగు పత్రికల చరిత్రలో గౌరవం ఉంది. పైకం చెల్లించి, పత్రికను నిలబెట్టిన వ్యక్తి ఆయన. "సభ్యత్వ విరమణ" అనడానికి ఎవరూ సభ్యులు కాలేదు. ఈ రెండు అనువాదాలూ ఇవ్వని సమ్మతిని ఇచ్చినట్టు ముందే ఒప్పించి, ఆపైన విడిచిపెడతామంటున్నాయి. "వైదొలగు" కొంత మేలు. అయితే అది కూడా వెళ్ళేపనిని పాఠకునికే అప్పగిస్తుంది. వచ్చింది మెయిల్, పాఠకుడు ఎక్కడికీ వెళ్ళలేదు. "ఇక పంపవద్దు" అన్న రెండు మాటల్లో క్రియ పంపేవారిది, నిషేధం అందుకునేవారిది. చిత్తూరు జిల్లాలో గాని, శ్రీకాకుళంలో గాని ఆ మాటకు అర్థం వెతుక్కోవలసిన పాఠకుడు ఉండడు. 1909 సంఖ్యకు అన్ని ప్రచార సందేశాలనూ ఆపమని ఎస్.ఎం.ఎస్. పంపేవారు ఇంగ్లీషు అక్షరాల్లో "స్టార్ట్ 0" అని రాసే పద్ధతి ఉంది. ఆపమని చెప్పడానికి ఆరంభించమన్న పదాన్ని వాడించే ఆ ఆదేశాన్ని మార్చడంతో ఈ పనిని మొదలుపెట్టవచ్చు.